వైద్యులకు నిత్యవిద్య

మనదేశమున వైద్యమును గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల క్రొత్తగా వెలసిన కళాశాలలెన్ని, వానిలో సీట్లెన్ని, పెద్ద యాసుపత్రులలో పడకలెన్ని యను లెక్కలే చెప్పుకొనుచున్నాము. ఇవి యన్నియు నావశ్యకములే. కాని పట్టా పుచ్చుకొని పల్లెకు వచ్చిన వైద్యుడు పదియేండ్లు గడచిన పిమ్మట, ఇరువదియేండ్లు గడచిన పిమ్మట ఏమి చదువుచున్నాడు, ఎవరితో చర్చించుచున్నాడు, తాను వ్రాసిన మందుచీటీని ఎన్నడైన మరల పరిశీలించుకొనుచున్నాడా యని అడుగువారు అరుదు. ప్రజల ప్రాణములు మాత్రము ఆ లెక్కలకంటె ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముమీదనే యెక్కువగా నాధారపడియున్నవి.

పెద్దరోగములు కొందరికే వచ్చును. చిన్నరోగములు అందరికిని వచ్చును. గుండెకు శస్త్రచికిత్స చేయించుకొనవలసిన యగత్యము ఒక కుటుంబమునకు తరమునకొకసారి కలుగునో కలుగదో. జ్వరము, దగ్గు, విరేచనములు, ఒడలినొప్పులు, రక్తహీనత, రక్తపుపోటు, మధుమేహము—వీనిలో నేదో యొకదానికై ఓపీ చీటీ వ్రాయించుకొనని యిల్లు పల్లెలలో గాని పట్టణములలో గాని కానరాదు. సర్ జోసెఫ్ భోరు అధ్యక్షత వహించిన సంఘము 1946లో తన నివేదికను సమర్పించుచు, దేశారోగ్యమునకు పునాదిగా గ్రామసీమలలో ప్రాథమికారోగ్యకేంద్రములను నెలకొల్పవలయునని సూచించెను. నేటి ప్రమాణము ననుసరించి మైదానములలో 30,000 జనమునకును, కొండసీమలలోను గిరిజనప్రాంతములలోను 20,000 జనమునకును ఒక కేంద్ర ముండవలయును. అనగా ఒకరిద్దరు వైద్యుల తెలివిపై ముప్పదివేలమంది యారోగ్యము నిలిచియున్నది. ఆ వైద్యునకు తెలిసినది వారి కందును. తెలియనిది వారి కందదు.

సామాన్యరోగములలో క్రొత్త యేమున్నది?

“విరేచనములకును, జ్వరమునకును క్రొత్తగా నేర్వవలసిన దేమున్నది? అవి కళాశాలలో చదివినవే కదా” యని కొంద రనుకొనవచ్చును. నిజమునకు మార్పు లెక్కువగా వచ్చినది ఈ సామాన్యరోగముల చికిత్సలోనే.

విరేచనములనే తీసికొందము. 1971లో తూర్పుబంగాళమునుండి శరణార్థులు లక్షలకొలది వచ్చినపుడు బనగాఁవ్ శిబిరములో కలరా వ్యాపించెను. సిరలోనికి ఎక్కించు సెలైను చాలక, డాక్టరు దిలీప్ మహలనోబిస్ ఉప్పు, పంచదారజాతికి చెందిన గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని త్రాగించెను. అంతకుముందు నూటికి 30 మంది వరకు మరణించుచుండగా, ఈ చికిత్స పొందినవారిలో ఆ సంఖ్య 4 లోపునకు దిగెను. భారతదేశపు శిబిరములో, భారతీయుడైన వైద్యుని చేతిమీదుగా ఋజువైన యీ సత్యమును ప్రపంచమంతయు స్వీకరించినది. 2004లో ప్రపంచారోగ్యసంస్థయు, యూనిసెఫ్ సంస్థయు కలిసి లవణముల పాలు తగ్గించిన క్రొత్త ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానితో పాటు పదినుండి పదునాలుగు దినములవరకు జింకు మాత్రలను ఈయవలయునని చెప్పినవి. ఇందులో ఖరీదైన వస్తువు ఒక్కటియు లేదు. అయినను విరేచనములు పట్టిన పసిబిడ్డకు ఓ.ఆర్.ఎస్. మాని సూదిమందో, సూక్ష్మజీవినాశక సిరపో ఇచ్చి పంపు చీటీలు నేటికిని వ్రాయబడుచునే యున్నవి.

పిల్లల దగ్గు మరియొకటి. పడిసెమునకు వచ్చిన దగ్గు తనంతట తగ్గును. ఊపిరితిత్తుల వాపువలన వచ్చిన దగ్గు ప్రాణము తీయును. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొనుటకు వేలరూపాయల యంత్రము లక్కరలేదు. బిడ్డ యేడువక నెమ్మదిగా నున్నపుడు నిండునిమిషము ఊపిరులను లెక్కించుటకు గడియార ముండిన చాలును. రెండునెలలు మొదలు ఏడాదిలోపు బిడ్డకు నిమిషమునకు 50 గాని అంతకుమించి గాని, ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు 40 గాని అంతకుమించి గాని యున్నచో అది సందేహింపవలసిన దగ్గు. డొక్కలెగురవేయుచున్నచో మరింత జాగ్రత్త వహింపవలయును. ఈ లెక్క తెలిసి, దానిని చేయు నోపిక గల వైద్యుడు పదిమంది పిల్లలలో తొమ్మిదిమందిని అనవసరమైన మందునుండియు, పదియవ బిడ్డను మృత్యువునుండియు కాపాడగలడు.

జ్వరముల సంగతి మరింత చిక్కైనది. జ్వరము వచ్చిన రెండవనాడే వైడల్ పరీక్ష చేయించి “టైఫాయిడు” అని నిర్ణయించుట మన పట్టణములలో నలవాటైపోయినది. ఈ పరీక్ష 1896లో కనిపెట్టబడినది. మొదటి వారములో దానివలన తెలియునది స్వల్పము. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరముయొక్క జాడకూడ దానిలో కనబడవచ్చును. ఇట్లు టైఫాయిడని పేరుపెట్టబడినవానిలో స్క్రబ్ టైఫస్ దాగియుండవచ్చును. రాయలసీమలోను, కోస్తాలోను ఈ జ్వరము కనబడుచున్నది. పొదలలోను, గడ్డిలోను నుండు మిక్కిలి చిన్న పురుగు కుట్టుటవలన ఇది సోకును. చంకలోనో, గజ్జలలోనో చుట్టతో కాల్చినట్లుండు నల్లని పక్కు దీనికి గుర్తు. ఆ గుర్తు అందరిలోను కనబడకపోవచ్చును గాని, బట్ట తొలగించి చూడని వైద్యునకు ఉన్నదియు కనబడదు. కనిపెట్టినచో డాక్సీసైక్లిన్ అను చౌకమందు రోగిని నిలువబెట్టును. కనిపెట్టనిచో మూత్రపిండములు, ఊపిరితిత్తులు చెడి ప్రాణాపాయము కలుగును. మలేరియాకు క్లోరోక్విన్ అని చదివి వచ్చిన వైద్యుడు, ఫాల్సిపేరం జాతి మలేరియాకు ఆ మందు పనికిరాదని 2010నాటి జాతీయవిధానము ఆర్టిమిసినిన్ కూడిన మందులను నిర్ణయించిన సంగతి ఎఱిగియుండవలయును. జ్వరము దించుటకు ఒకప్పుడు పిల్లలకు విరివిగా వ్రాసిన నిమెసులైడు 2011లో పండ్రెండేండ్లలోపువారికి నిషేధింపబడినది. కళాశాలను విడిచిన దినమున నేర్చినదే ప్రమాణమని కూర్చుండినవానికి ఈ మార్పులు తెలియు టెట్లు?

పొలము గల పాఠకులకు పాముకాటు సంగతి చెప్పనక్కరలేదు. కాటుపైన బిగించి త్రాడు కట్టుట, గాయమును కోయుట, నోటితో పీల్చుట హాని చేయునని నేడు తెలిసినది. కాటుపడిన యవయవమును కదలకుండ నుంచి త్వరగా ఆసుపత్రి చేర్చుటయే కర్తవ్యము. త్రాచు, కట్లపాము, రక్తపింజర మొదలగు నాలుగు జాతుల విషమునకు విరుగుడు మందు ఒక్కటే. రక్తపింజర విషము రక్తమునకు గడ్డకట్టు గుణమును చెఱచును. దీనిని తెలిసికొనుటకు శుభ్రమైన పొడి గాజుగొట్టములో రెండు మిల్లీలీటర్ల రక్తము పోసి, ఇరువదినిమిషములు కదలింపక యుంచి, వంచి చూచిన చాలును. కట్లపాముకాటు మరియొక తెరగు. నేలపై పండుకొనిన కూలివానిని రాత్రివేళ కఱచును. నొప్పి యుండదు, గాటు కనబడదు. తెల్లవారుసరికి కడుపునొప్పి యనును, కనుఱెప్పలు వాలిపోవును. ఈ లక్షణ మెఱుగని వైద్యుడు గ్యాసు బిళ్ల యిచ్చి యింటికి పంపును. ఎఱిగినవాడు విరుగుడుమందు నెక్కించి, ఊపిరి నిలుపు ఏర్పాటుతో పెద్దాసుపత్రికి పంపును. ఒక కుటుంబము నిలుచుటకును కూలుటకును నడుమ నున్నది ఆ ఒక్క పాఠమే. 2030 నాటికి పాముకాటు మరణములను సగమునకు తగ్గింపవలయునని కేంద్రప్రభుత్వము 2024లో జాతీయకార్యక్రమమును ప్రకటించినది. ప్రాథమికకేంద్రములోని వైద్యుడు పాఠము నేర్వనిదే ఆ సంకల్పము కాగితముమీదనే నిలిచిపోవును.

అనుభవ మొక్కటే చాలునా?

వైద్యునకు తల నెఱసినకొలది హస్తవాసి హెచ్చునని మన ప్రజల నమ్మకము. ఓర్పునకును, మాటతీరునకును సంబంధించినంతవరకు అది నిజమే కావచ్చును. కాని 2005లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు అంతవరకు ప్రకటింపబడిన 62 పరిశోధనలను కూర్చి చూడగా, వానిలో సగమునకు పైగా ఒకే సంగతిని తెలుపుచుండెను: వృత్తిలో నేండ్లు గడచినకొలది వైద్యుని జ్ఞానమును, ప్రమాణానుసారముగా చికిత్సచేయు తీరును తగ్గుచున్నవి. ఇది ముసలితనమువలన వచ్చిన లోపము కాదు. శాస్త్రము ముందునకు పోవుచుండగా మనిషి నిలిచిపోవుటవలన వచ్చిన దూరము. అనుభవము కత్తివంటిది, సానపట్టనిచో దినదినము వాడుటవలననే మొద్దువారును.

ఒంటరితనము దీనికి తోడగుచున్నది. పెద్దాసుపత్రిలోని వైద్యునకు ప్రక్కగదిలోనే మరియొక వైద్యు డుండును. సందేహము వచ్చినచో అడుగును. మండలకేంద్రములోని వైద్యునకు ఎదుట రోగులవరుస, వెనుక రిజిస్టర్ల దొంతర, నడుమ సమావేశముల పిలుపులు. తన చికిత్స సరియైనదో కాదో తెలియజేయువాడు లేడు. తగ్గినవాడు మరల రాడు, తగ్గనివాడు వేరొక యాసుపత్రికి పోవును. రెండువారములకు మించిన దగ్గుతో వచ్చినవానికి కఫపరీక్ష చేయింపక మందులు మార్చిమార్చి యిచ్చినచో, క్షయ ముదిరి ఏ జిల్లా ఆసుపత్రిలోనో బయటపడును. మొదటి చీటీ వ్రాసినవానికి ఆ వార్త చేరనే చేరదు. తప్పు తెలియనిచోట దిద్దుబాటు కలుగదు.

నియమము లున్నవి, నియమముల యాత్మ లేదు

నియమములు లేకపోలేదు. భారతవైద్యమండలి 2002లో ప్రకటించిన వృత్తిధర్మనియమములు ప్రతి వైద్యుడును అయిదేండ్లకు 30 గంటలు విద్యాసభలలో పాల్గొనవలయునని చెప్పుచున్నవి. ఏడాదికి ఆరు గంటలు, నెలకు అరగంట. మన ముప్పదివేలమంది ప్రాణములకు నియమము కోరు అధ్యయన మింతమాత్రమే! జాతీయవైద్యసంఘము 2023 ఆగస్టు 2వ తేదీన క్రొత్త నియమములను ప్రకటించెను. మందుల కంపెనీల ధనముతో జరుగు విద్యాసభలలో వైద్యులు పాల్గొనరాదని వానిలో నుండెను. అలజడి రేగగా అదే నెల 23వ తేదీన వానిని నిలిపివేసి 2002నాటి నియమములనే మరల నమలుపఱచిరి.

గంటల లెక్కకంటె ఆ గంటలు గడచు తీరు విచారింపదగినది. పట్టణములోని పెద్ద హోటలులో సభ. వేదికమీద మహానగరమునుండి వచ్చిన నిపుణుడు. ఉపన్యాసవిషయము అరుదైన రోగమో, క్రొత్తగా విపణికి వచ్చిన మందో. పిమ్మట విందు, సంతకము, గంటల పత్రము. వ్యయము భరించిన కంపెనీవారి బల్లలు వాకిటనే యుండును. ఇట్టి సభలన్నియు వ్యర్థములని మేమనము. నిష్ఠతో పనిచేయు వైద్యసంఘములును, సొంతవ్యయముతో దూరప్రయాణము చేసి వచ్చి వినువారును గలరు. కాని అమ్మువాడే అధ్యాపకుడైనచో పాఠము ఏవైపునకు మ్రొగ్గునో ఎఱుగుట కష్టముగాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును గూర్చి, ఊపిరులు లెక్కించుటను గూర్చి విందుచేసి సభ జరుపు కంపెనీ యెక్కడనున్నది? చౌకైన సత్యమునకు ప్రచారకులు లేరు. కావున దాని ప్రచారము రాజ్యముయొక్క బాధ్యత. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము మందుల విక్రయమునకు ఏకరూపనియమావళిని ప్రకటించి, వైద్యులకు కానుకలను, విదేశములలో విద్యాసభలను నిషేధించినది. అది మంచిదే. కాని కంపెనీ విడిచిన చోటును ప్రభుత్వము నింపనిచో అచట మిగులునది శూన్యమే.

చర్చయే విద్య

వైద్యుడు వైద్యునితో చర్చించుటవలననే జ్ఞానము పెరుగునని మన పూర్వు లెఱుగుదురు. చరకసంహితలోని విమానస్థానము దీనికి తద్విద్యసంభాష యని పేరుపెట్టి, తోడి వైద్యునితో స్నేహభావమున చర్చించుటయెట్లు, దానివలన సందేహములు తీరి తెలియని సంగతులు తెలియుటయెట్లు అను విషయమును విస్తరముగా చెప్పినది. ఉపన్యాసము విని వచ్చినవాని చికిత్స అంతగా మారదనియు, తన రోగినిగూర్చి తానే చెప్పి చర్చించినవాని చికిత్స మారుననియు నేటి పరిశోధనలును తెలుపుచున్నవి.

ఇందుకు నిదర్శనముగా ఒక కార్యమును చెప్పవచ్చును. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున భారతదేశమున పుట్టిన డాక్టరు సంజీవ్ అరోరా 2003లో ఒక పద్ధతి నారంభించెను. కాలేయమునకు సోకు హెపటైటిస్ సి రోగమునకు ఆ రాష్ట్రమున నిపుణులు మిక్కిలి తక్కువ. రోగులు నెలలకొలది వేచియుండి, వందలమైళ్లు ప్రయాణము చేయవలసియుండెను. ఆయన రోగులను పిలిపించుటకు మారుగా గ్రామవైద్యులను వారమునకొకసారి దూరదర్శనయంత్రముద్వారా సమావేశపఱచెను. ప్రతివైద్యుడును తన రోగి సంగతిని చెప్పును. నిపుణులును తక్కిన వైద్యులును సలహా యిత్తురు. చికిత్స మాత్రము ఆ వైద్యుడే చేయును. 407 మంది రోగులపై జరిగిన పరిశీలనను 2011లో ప్రకటించిరి. విశ్వవిద్యాలయములోని నిపుణులచేత నూటికి 57.5 మందికిని, గ్రామవైద్యులచేతను చెరసాల వైద్యులచేతను నూటికి 58.2 మందికిని రోగము నయమైనది. నిపుణునకును సామాన్యవైద్యునకును నడుమనున్న దూరము తెలివిలోనిది కాదు, అవకాశములోనిది యని దీనివలన తేలినది.

మన పొరుగుననే వెల్లూరులోని క్రైస్తవవైద్యకళాశాల, సామాన్యవైద్యులు తమ యూరు విడువకయే కుటుంబవైద్యమును నేర్చుకొనుటకు దూరవిద్యను నడుపుచున్నది. రోగిని పెద్దాసుపత్రికి పంపుట తగ్గి, ఉన్నచోటనే నయముచేయుట పెరుగవలయునన్నది దాని యాశయము. 2017లో తెలంగాణముతో సహా అయిదు రాష్ట్రములలో మొదలైన రక్తపుపోటు నివారణకార్యక్రమముకూడ ఈ మార్గమున నడచినదే. అందరికిని ఒకే సులభచికిత్సాక్రమము, మందులు తెంపులేక సరఫరాచేయుట, నర్సు చేతికి పని పంచియిచ్చుట, ఎంతమందికి పోటు అదుపులోనికి వచ్చినదో లెక్కచూచుట—ఇవి దాని యంగములు. రోగిని అయిదు నిమిషములు కూర్చుండబెట్టి, వీపునకు ఆనిక యిచ్చి, మాటలాడింపక, చేయి గుండెయెత్తున నుంచి పోటు చూడవలయునను చిన్నపాఠము దానిలో పెద్దపాఠము. ఆయాసముతో మెట్లెక్కి వచ్చినవాని చేతికి వెంటనే పట్టీ చుట్టి చూచినచో, లేని రోగమునకు జన్మమంతయు మందు వ్రాయవలసివచ్చును.

తన లెక్కను తాను చూచుకొనుట మరియొక సాధనము. వైద్యుల చికిత్సను లెక్కించి ఆ ఫలితమును వారికే తెలుపుటను గూర్చి జరిగిన 140 పరిశోధనలను 2012లో సమీక్షింపగా, నూటికి నాలుగు పాళ్లకు కొంచెము మించి బాగు కనబడెను. ఇది స్వల్పమని తోచును. కాని ఏటేట కోట్లకొలది మందుచీటీలు వ్రాయబడు దేశమున నూటికి నాలుగనగా లక్షలకొలది రోగులు.

పల్లెవైద్యులమాట

పట్టాలేని వైద్యులను విడిచి ఈ ప్రసంగము ముగియదు. పల్లెలో రాత్రివేళ తలుపుతట్టిన పలుకువాడు ఆర్.ఎం.పి. డాక్టరే. ఆతడు చట్టమునకు లోబడనివాడని నిందించుట సులభము. ఆతని చోట మరియొకని నిలుపుట కష్టము. పశ్చిమబంగాళములోని బీర్‌భూం జిల్లాలో ఇట్టివారు 304 మందిని తీసికొని, వారిలో కొందరికి తొమ్మిదినెలలు సామాన్యరోగముల పాఠములు చెప్పి, రోగివేషమున మనుష్యులను పంపి పరీక్షించిరి. 2016లో ఫలితములు ప్రకటితమైనవి. శిక్షణ పొందినవారు రోగులకు సరియైన చికిత్సచేయుట హెచ్చెను. కాని అక్కరలేని మందులిచ్చుట మాత్రము తగ్గలేదు. తెలియకచేయు తప్పును విద్య దిద్దగలదు. తెలిసియు చేయు తప్పునకు, అనగా మందు అమ్మిననే కూలి గిట్టు స్థితికి, విద్య యొక్కటియే చాలదు. ఈ రెంటిని వేరుగా చూచుట రాజనీతి. ఉపకేంద్రములలోని నర్సులకును, ఆశాకార్యకర్తలకును ఈ పాఠములు తెలుగుననే చెప్పవలయును. వారి కర్థముకాని భాషలో ముద్రించిన పత్రములు పంచినందువలన ఫలము లేదు.

మన వంతు

ఇంతవరకు వైద్యుల సంగతి చెప్పితిమి. ఇక మన సంగతి. కర్ణాటకమునందును, బీహారునందును రెండువేలకు పైగా వైద్యులపై జరిపిన పరీక్ష 2024లో ప్రకటితమైనది. విరేచనములు పట్టిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. ఎందుకు వ్రాయరని విచారింపగా, మందు దొరకకపోవుట నూటికి 6 పాళ్లు, లాభాపేక్ష 5 పాళ్లు మాత్రమే కారణమయ్యెను. రోగి దానిని కోరడని వైద్యుడు తలచుటయే 42 పాళ్లు! అనగా వైద్యునకు తెలిసియు, మనము చిన్నచూపు చూతుమని వెఱచి, మంచిమందు మానుచున్నాడు. “సూది వేయలేదు, సెలైను పెట్టలేదు, వాడేమి డాక్టరు?” అను మాట మన యరుగులమీద పుట్టినదే. జ్వరముతో వచ్చినవానికి “ఇది రెండుదినములలో తగ్గును, మందక్కరలేదు, ఈ గుర్తులు కనబడినచో మరల రండు” అని చెప్పగల వైద్యుడు చదివినవాడు. వానిని వెఱ్ఱివానిగా చూచి ప్రక్కవీధికి పోవు సంఘము చదువనిది. చికిత్సకు వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి యని నాలుగు పాదములను మన శాస్త్రము చెప్పినది. నాలుగవ పాదము మనదే.

చేయవలసిన పని

ఇందుకు క్రొత్త భవనము లక్కరలేదు. తెలంగాణమున నించుమించుగా ప్రతిజిల్లాయందును ప్రభుత్వవైద్యకళాశాల యున్నది. ఆంధ్రప్రదేశమునకూడ 2023లో అయిదు క్రొత్తవి తెరువబడినవి. వీనిలో ప్రతిదియు తన జిల్లాలోని ప్రాథమికకేంద్రములకు పాఠశాల కావలయును. నెలకొక పూట ఆ కేంద్రముల వైద్యులు అచ్చట చేరి, ఒక్కొకరు ఒక్క రోగి సంగతి చెప్పవలయును. ఆచార్యులు ఉపన్యసింపక వినవలయును. ఆ పూట కేంద్రములో రోగులు నిరాశపడి తిరిగిపోకుండ మరియొక వైద్యుని నియమింపవలయును. మూడునెలలకొకసారి ప్రతివైద్యుని ఓపీ రిజిస్టరునుండి నాలుగులెక్కలు తీయవలయును: విరేచనములతో వచ్చిన పిల్లలలో ఎందరికి ఓ.ఆర్.ఎస్., జింకు అందెను. పడిసెముతో వచ్చినవారిలో ఎందరికి సూక్ష్మజీవినాశక మందు అనవసరముగా వ్రాయబడెను. రెండువారముల దగ్గుగలవారిలో ఎందరికి క్షయపరీక్ష జరిగెను. రక్తపుపోటు గలవారిలో ఎందరికి అది అదుపులోనికి వచ్చెను. ఈ లెక్క వైద్యుని శిక్షించుటకు కాదు; ఆతని చేతికే యిచ్చుటకు. శిక్షయని తోచిననాడు లెక్కలు అబద్ధములగును. 2019లో ఆరంభమైన ఈ-సంజీవనివంటి దూరవైద్యసాధనములను రోగిని చూపుటకే గాక వైద్యునకు నేర్పుటకును వాడవచ్చును. వ్యయమంతయు ప్రజాధనమునుండి రావలయును. కంపెనీల పైకము ఒక్కరూపాయియు తాకరాదు.

ఈ విషయమున ఆంధ్రుల కొక విశేషబాధ్యత గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు సముద్రములు దాటి, పరులదేశమున పరిశోధనచేసి, రక్తహీనతకు ఫోలికామ్లమును, బోదకాలునకు డైఇథైల్‌కార్బమజీన్‌ను లోకమున కందించు కృషికి నాయకత్వము వహించిరి. వారు 1948లో మరణించిరి. బోదకాలు గల సీమలలో ఆ మందును మరి రెండు మందులతో కలిపి సామూహికముగా ఈయవచ్చునని ప్రపంచారోగ్యసంస్థ 2017లో సమ్మతించినది. మందు పాతదే, దానిని వాడు తెలివి క్రొత్తది. ఒక తెలుగువాని పరిశోధనాఫలము తెలుగుపల్లెలోని రోగికి సరిగా చేరుటకైనను, అచ్చటి వైద్యుడు చదువుచుండవలయును.

స్వరాజ్యము వచ్చిన తరువాత ఆసుపత్రుల నెన్నింటినో కట్టితిమి. వైద్యుల నెందరినో తయారుచేసితిమి. ఆ వైద్యుని జ్ఞానము ఎండిపోకుండ నీరుపోయు కాలువను మాత్రము త్రవ్వలేదు. చెఱువు కట్టి కాలువ మఱచిన రైతు పంటను చూడడు. శాసనసభ్యులు రాబోవు వైద్యవ్యయపుచర్చలో పడకల సంఖ్యతో పాటు ఈ ప్రశ్నయు నడుగుదురు గాక: మన ప్రాథమికకేంద్రముల వైద్యులు ఈ యేడు ఏమి నేర్చిరి, దానివలన ఎందరు బ్రదికిరి? జిల్లాపరిషత్తులును, పురపాలకసంఘములును అదే ప్రశ్నను తమ పరిధిలో నడుగవలయును. పాఠకులును రేపు తమ బిడ్డను చూపుటకు పోయినపుడు, సూది వేయలేదని కినియక, బిడ్డ యూపిరులను నిండునిమిషము లెక్కించిన వైద్యునకు నమస్కరించి రావలయును.